ఆడపడుచు గొంతుతో

మా ఊళ్ళో ఎవరి ముఖం గోడకెక్కాలన్నా ముందు నా కంప్యూటర్‌లోంచి ఎక్కాల్సిందే. మానంగ్ బెబింగ్, అంటే బెబింగ్ అక్క, ఫ్లెక్సీల కొట్లో మూడేళ్ళుగా పనిచేస్తున్నాను. పుట్టినరోజు పిల్లలు, నర్సు పరీక్ష పాసైనవాళ్ళు, ఓడ దిగి సెలవు మీద ఇంటికొచ్చినవాళ్ళు, అరవై నిండినవాళ్ళు, చనిపోయినవాళ్ళు, అందరూ నా చేతుల మీదుగా వెళ్ళినవాళ్ళే. తొమ్మిదో తరగతిలో కడుపుతో బడి మానేసినదాన్ని. కంప్యూటర్ నాకెవరూ కూచోబెట్టి నేర్పలేదు. మానంగ్ భుజం మీదుగా చూసి చూసి పట్టుకున్నాను.

వేడుక అయ్యాక ఫ్లెక్సీని ఎవరూ పారెయ్యరు. పందుల పాకకు కప్పుతారు, వంటింటికి గోడగా కడతారు, ఆరబెట్టిన చేపల మీద వాన పడకుండా లాగుతారు. మా జారియా మొదటి పుట్టినరోజు ఫ్లెక్సీ మేము బట్టలుతికే చోట ఎండకు అడ్డంగా వేలాడుతోంది. పిల్లకు ఇప్పుడు నాలుగేళ్ళు. ఫ్లెక్సీ రంగు వెలిసింది గానీ, అక్షరాలు నేనే లావుగా పెట్టాను, వీధిలోంచి కూడా చదవొచ్చు.

శనివారాల్లో మా బరంగాయ్, అంటే మా పేట, ఆఫీసు పైగదిలో, చదువు మధ్యలో ఆగిపోయినవాళ్ళకు క్లాసులు జరుగుతాయి. చివర్లో పరీక్ష పాసైతే పదో తరగతి అయినట్టే. పరీక్షకు కూచోనివ్వాలంటే ముందు మేము చేసిన పనులన్నీ ఒక ఫైల్లో పెట్టి చూపించాలి. కంప్యూటర్ల పాఠం చెప్పడానికి కాలేజీ నుంచి మేమ్ యూలా వచ్చేది. పొట్టిగా, ఎప్పుడూ గొడుగుతో, నడుస్తూ పాఠం చెప్పే మనిషి.

"బ్యాంకు నుంచి ఫోనొస్తే మిమ్మల్ని ఏమడుగుతారు?" అని మొదలుపెట్టిందొక రోజు.

"పుట్టిన తేదీ" అన్నాం.

"తర్వాత?"

"అమ్మ పుట్టింటి పేరు."

"మన పేర్ల మధ్యలో ఏముంటుంది?"

మా పేర్ల మధ్యలో ఉండేది అమ్మ పుట్టింటి పేరే.

వెనక బెంచీలో చేపలమ్మే మానోయ్ టెరియో కూచుంటాడు. "అయితే మేమ్, మా అమ్మను గోడకెక్కించింది ఈ లిన్నే" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతుంటే చెవులు వేడెక్కాయి.

మేమ్ యూలా పరిశోధన కూడా దాని మీదే. తాళాలు పగలగొట్టేవాళ్ళ గురించి అందరూ చదువుతారు, తాళంచెవి గుమ్మానికి వేలాడదీసేవాళ్ళ గురించి తను చదువుతున్నానంది. మూడు బరంగాయ్‌లలో ఫ్లెక్సీలు చూసి, ఏయే సంగతులు బయట పెడుతున్నారో రాసుకుంటోంది. ఇంటివాళ్ళ చేత కాగితం మీద సంతకం పెట్టించుకున్నాకే రాసుకుంటుంది. పెట్టం అని వాళ్ళంటే, ఎదురుగా వేలాడుతున్నా చూడనట్టే వెళ్ళిపోతుంది.

"కళ్ళ ముందున్నదానికి సంతకమెందుకు మేమ్?" అని అడిగాను.

"కళ్ళ ముందున్నా అది వాళ్ళది కదా అమ్మాయ్."

ఆ రోజే ఇంకోటి చూపించింది. "లిన్, నీ గొంతు కాసేపు వాడుకోనా?" అని అడిగి, పుస్తకంలోంచి నాలుగు వాక్యాలు నా చేత చదివించింది. తర్వాత తన ల్యాప్‌టాప్‌లో ఏదో టైపు చేసింది. ల్యాప్‌టాప్‌లోంచి నేను మాట్లాడాను. "జారియా, అమ్మ వస్తోంది, నువ్వు వాళ్ళతో వెళ్ళు" అన్నాను. నేను అనలేదు. కానీ ఆ 'జారియా' చివర కాస్త సాగదియ్యడం, అది నేనే.

"పోయినేడు ఇదే పని చెయ్యడానికి గంట పట్టేది" అంది మేమ్ యూలా. "అప్పుడు మీకు చెప్పినవాటిలో సగం ఇప్పుడు మార్చి చెబుతున్నా. వచ్చే ఏడు ఏం చెబుతానో నాకూ తెలీదు."

ఫైల్లో పెట్టాల్సిన పని ఇచ్చింది. మీ వీధిలో ఒక్క ఫ్లెక్సీ చూడండి, దాన్నిబట్టి ఆ మనిషి గురించి ఏం తెలుస్తుందో రాయండి, పేరు రాయొద్దు. తెలిసినదాన్ని ఎవరి మీదా ప్రయోగించి చూడొద్దు. ఆ చివరి మాట నాకు వినబడింది. వినబడలేదని ఇప్పుడు అబద్ధం చెప్పను.

నేను మా ఇంటి ఫ్లెక్సీనే ఎంచుకున్నాను. సబ్బు చేతులతో దాని కింద నిలబడి చదివాను. జారియా మే కటుబిగ్ ఎల్నాస్. మధ్యలో కటుబిగ్ నా పుట్టింటి పేరు. పుట్టిన తేదీ, నెల, సంవత్సరం. అమ్మా నాన్నల పేర్లు. ఆ రోజే జ్ఞానస్నానం కూడా చేయించాం కాబట్టి జ్ఞానతల్లి చోనా పేరు, ఆమె ఊరు బైస్. చోనా నా భర్త జున్రేకు అక్క, నా ఆడపడుచు. మూడేళ్ళ కిందట ఇవన్నీ పట్టించడానికి ఎంత కష్టపడ్డానో. ఒక్క పేరూ వదలకూడదని పిల్ల బొమ్మనే చిన్నది చేశాను.

తడి చేతులతోనే విప్పేశాను. సాయంత్రం జున్రే వచ్చి మళ్ళీ కట్టాడు.

"నెత్తి మాడిపోతుంటే మా అమ్మ ఎట్లా ఉతుకుతుంది?" అన్నాడు.

"అందరూ చదువుతారు."

"మూడేళ్ళ నుంచి చదువుతున్నారుగా. నిన్న గ్యాసు, ఇవాళ ఫ్లెక్సీ. రేపు దేనికి భయపడాలో ముందే చెప్తే పనికి సెలవు పెట్టుకుంటా."

తిరగేసి కట్టాడు, అది మాత్రం ఒప్పుకున్నాడు. వెనకనుంచి కూడా అక్షరాలు నీడలా తెలుస్తూనే ఉన్నాయి.

ఆ వారమంతా ఒక చోట కూచోలేకపోయాను. జారియాను పొద్దున ఎనిమిదికి బరంగాయ్ చిన్నపిల్లల బడిలో దింపి, వీధి చివరిదాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి కంచెలోంచి చూసేదాన్ని. టీచర్ సైలా ఒక్కతే ఇరవైమంది పిల్లలతో చప్పట్లు కొట్టిస్తూ కనబడేది. మంచి మనిషి. ఎవరేం చెప్పినా నమ్మే మనిషి. నన్ను తొలిచింది అదే. ఎవడైనా ఆ ఫ్లెక్సీ చదివి ఈమెకు ఫోన్ చేస్తే?

గురువారం పొద్దున తొమ్మిదిన్నరకు నేనే చేశాను.

మానంగ్ బెబింగ్ ఇంకు కొనడానికి వెళ్ళింది. కొట్టు ఫోను నంబరు టీచర్ దగ్గర లేదు. చోనా గొంతు నాకు బాగా వచ్చు. ముక్కుతో మాట్లాడుతుంది, ప్రతి మాటకూ ముందు "ఆఁ మరి" అంటుంది. మా పెళ్ళి విందులో ఆమెను అనుకరించి అందరినీ నవ్వించాను, ఆమెతో సహా.

"ఆఁ మరి, టీచర్, నేను బైస్ నుంచి చోనాని. జున్రే వాళ్ళక్కని."

"చోనాగారా? జారియా జ్ఞానతల్లి కదూ మీరు. ఫ్లెక్సీలో మీ పేరు చూశాను" అంది టీచర్ సైలా.

చూశాను అంది. నేను ఇంకా పుట్టిన తేదీ చెప్పనేలేదు.

"ఆఁ మరి, లిన్‌కి ఒంట్లో బాలేదట టీచర్. పది గంటలకి మోటారు ట్రైసికిల్ పంపిస్తా. పిల్లని ఎక్కించండి."

"అయ్యో పాపం, ఏమైంది లిన్‌కి? సరేనమ్మా. తల దువ్వి పంపిస్తా, ఇసకలో ఆడి ఇంతెత్తున పెట్టింది."

అంతే. ఎవరి ట్రైసికిల్ అని అడగలేదు, నడిపే అతని పేరేంటని అడగలేదు. వెంటనే మళ్ళీ ఫోన్ చేసి, టీచర్, అది నేనే, అని చెప్పాల్సింది. అదే సమయానికి ముగ్గురు అక్కచెల్లెళ్ళు వచ్చారు. వాళ్ళ నాన్నకు అరవై నిండుతున్నాయట, ఏ ఫోటో పెట్టాలన్నదాని మీద ముగ్గురికీ పడలేదు. నేను వాళ్ళ మాటలు వింటూ, ముఖం కత్తిరిస్తూ, లోపల ఒకటే అనుకున్నాను. ట్రైసికిల్ పంపుతానన్నది నేను. నేను పంపనప్పుడు ఎవరొస్తారు? పదకొండుకు నేనే వెళ్ళి పిల్లను తెచ్చుకుంటూ మెల్లగా చెబుతాను. అప్పటిదాకా ఏమీ కాదు.

పదకొండుకు పది నిమిషాలుండగా వెళ్ళాను. పిల్లలు చాలామంది వెళ్ళిపోయారు. టీచర్ సైలా పళ్ళేలు కడుగుతోంది. నన్ను చూసి చేతులు ఆపేసింది.

"లేచి వచ్చావేంటి? ఒంట్లో నయమైందా?"

"జారియా ఏది టీచర్?"

"మీ చోనా పంపిన ట్రైసికిల్‌లో వెళ్ళిందిగా. సరిగ్గా పదింటికి వచ్చాడు."

ఎవరు వచ్చాడు? నేను ఎవరినీ పంపలేదు. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది. కాళ్ళు వాటంతటవే గేటు దగ్గరికి, మళ్ళీ లోపలికి తిరిగాయి. బల్లల కింద చూశాను. మరుగుదొడ్డి తలుపు తీశాను. జారియా నీళ్ళ సీసా కొక్కేనికి లేదు, సంచీ లేదు.

"ఎలా ఉన్నాడు వాడు? ఏమన్నాడు?"

"ఎరుపు టోపీ. మన వీధిలో తిరిగేవాడు కాదు. పిల్లను తీసుకెళ్ళడానికి వచ్చానన్నాడు. నేను ఎదురుచూస్తూనే ఉన్నా కాబట్టి..." ఆమె చేతిలో పళ్ళెం కింద పెట్టింది. "లిన్, ఏమైంది? మీ వాడు కాదా?"

"బండి నంబరు?"

ఆమె తల అడ్డంగా ఊపింది. ఏప్రాన్ తీసి పక్కన పడేసింది, మళ్ళీ తీసి చేతిలో పట్టుకుంది.

అప్పుడు మూలనున్న చాప మీంచి ఒక పిల్ల లేచి వచ్చి ఆమె స్కర్టు లాగింది. క్లారెల్. జారియా కంటే నెల పెద్దది. చెప్పులేసుకుని, సంచీ తగిలించుకుని ఉంది.

"టీచర్, నా బండి ఇంకా రాలేదు. లోలా పదింటికి పంపిస్తానంది" అంది.

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఎరుపు టోపీ అతను క్లారెల్ కోసం వచ్చాడు. పిల్లను పంపమన్నాడు. టీచర్ మనసులో అప్పటికే ఒక ట్రైసికిల్, ఒక పిల్ల ఉన్నాయి. నేను పెట్టినవి.

క్లారెల్‌ను చంకన వేసుకుని రోడ్డు మీదకు పరిగెత్తాను. టీచర్ సైలా గేటుకు తాళం కూడా వెయ్యకుండా వెనకే వచ్చింది. దొరికిన ట్రైసికిల్ ఎక్కాం. క్లారెల్ వాళ్ళిల్లు నది వంతెన అవతల. అంత దూరమూ నేను బండి అతని భుజం మీద చెయ్యి పెట్టి తోస్తూనే ఉన్నాను, తోస్తే బండి వేగంగా పోతుందన్నట్టు. మేం అనుకుంటున్నది నిజమవ్వాలి. నిజం కాకపోతే అన్న ఆలోచన పూర్తి కాకముందే మళ్ళీ మొదటికొచ్చేది. మధ్యలో ఒక లారీ అడ్డం ఆగింది. టీచర్ దిగి లారీ డ్రైవర్‌ను తిట్టింది. ఆమె ఎవరినైనా తిట్టడం నేను వినడం అదే మొదలు.

క్లారెల్ అమ్మమ్మ లోలా పూరింగ్ ఇంటి వసారాలో, నేల మీద, జారియా కూచుని ఉంది. తల నున్నగా దువ్వి ఉంది. అరటాకులోంచి బుడ్‌బుడ్ అన్నం ముద్ద విప్పుకుని తింటోంది, మూతి నిండా నంజుకున్న చాక్లెట్.

నేను క్లారెల్‌ను దించి మెట్ల మీద కూచున్నాను. పిల్ల నన్ను చూసి, "అమ్మా, ఇక్కడ పంది పిల్లలు తొమ్మిది" అంది.

లోలా పూరింగ్ కర్రతో బయటికి వచ్చింది. "వచ్చారా. నా మనవరాలిని తెమ్మని మా రోజూ వచ్చేవాడి తమ్ముడిని పంపితే ఎవరి పిల్లనో తెచ్చిపెట్టాడు వెధవ. మళ్ళీ వాడితోనే వెనక్కి పంపుదామంటే నాకు చేతులు రాలేదు. ఇల్లెక్కడే అంటే పిల్ల 'బట్టలుతికే చోట' అంటుంది. నేనేం చెయ్యను? అన్నం తినిపించా." క్లారెల్‌ను దగ్గరికి లాక్కుని, తలా వీపూ తడిమి చూసింది. "టీచర్, మీకు పిల్లల్ని గుర్తు పట్టడం కూడా రాదా?"

టీచర్ సైలా ఏప్రాన్‌తో ముఖం తుడుచుకుంది. "తప్పే. ఫోన్ వచ్చింది లోలా. ఈ పిల్ల మేనత్తనని చెప్పి, బైస్ నుంచి." నావైపు తిరిగింది. "లిన్, మీ ఆడపడుచు ఎందుకిలా చేసింది? నీకు ఒంట్లో బాలేదని అబద్ధం చెప్పింది, బండి పంపుతానని పంపలేదు. నేను మన బరంగాయ్ పెద్దకి, కెప్టెన్‌కి చెప్పాలి. ఆయన బైస్ పోలీసులకి చెప్తారు. ఇది ఊరుకునే విషయం కాదు."

ఫోను తీసింది. వేలు నంబరు మీద పెట్టింది.

చోనా చక్కెర మిల్లు క్యాంటీన్‌లో వడ్డిస్తుంది. ఆ సమయానికి అన్నం గరిటె పట్టుకుని నిలబడి ఉంటుంది. ఇంకొకరెవరో చేశారేమో అని నేను ఒక్క మాట అంటే చాలు, అది చోనా మీదా పోదు, నా మీదా రాదు. ఊళ్ళోవాళ్ళు ఎవరో తెలియని గొంతు గురించి ఏడాది మాట్లాడుకుంటారు. ఆ ఒక్క మాట తయారుగా ఉంది. జారియా చాక్లెట్ చేతిని నా మోకాలికి తుడిచింది.

"చోనా కాదు టీచర్" అన్నాను. "ఫోన్ చేసింది నేనే."

ఆమెకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. ఫ్లెక్సీ సంగతి, క్లాసు సంగతి, మీరు ఎవరికైనా పిల్లను ఇచ్చేస్తారేమోనని చూశాను అన్నది, అన్నీ ఒకదాని మీద ఒకటి పడుతూ వచ్చాయి. ఆమెకు నమ్మకం కుదరలేదని, "ఆఁ మరి, టీచర్" అని చోనా గొంతుతో అన్నాను. అనకుండా ఉండాల్సింది. లోలా పూరింగ్ సిలువ గుర్తు వేసుకుంది.

టీచర్ సైలా ఫోను సంచీలో పెట్టుకుంది. తర్వాత గట్టిగా కాకుండా అంది.

"పదకొండేళ్ళ నుంచి ఈ ఊరి పిల్లల ముక్కులు తుడుస్తున్నా. మీ అందరి మాటా నమ్మబట్టే ఆ బడి నడుస్తోంది. నీకు భయమేస్తే వచ్చి నాకు భయంగా ఉందని చెప్పచ్చుగా, లిన్. నాకు పరీక్ష పెట్టమని ఎవరు చెప్పారు నీకు?"

ఎవరూ చెప్పలేదు. వద్దనే చెప్పారు.

ఇంట్లో జున్రే అరుస్తాడనుకున్నాను, అరవలేదు. ఫ్లెక్సీ విప్పి, మడిచి, లోపల పెట్టాడు. వాళ్ళమ్మ ఎండలోనే ఉతికింది. చోనాకు నేనే ఫోన్ చేసి చెప్పాను. "ఆఁ మరి, నా గొంతుతోనా?" అని నవ్వింది ముందు. తర్వాత నవ్వు ఆపి, "ఇంకెప్పుడూ అలా చెయ్యకు" అని పెట్టేసింది.

శనివారం జరిగిందంతా మూడు పేజీలు రాసి మేమ్ యూలాకు ఇచ్చాను. నిలబడే చదివింది. ఆమె నిలబడి కదలకుండా ఉండడం నేను అంతకుముందెప్పుడూ చూడలేదు.

"ఇది ఫైల్లో పెట్టనివ్వను."

"నా పిల్లే కదా మేమ్. నా గొంతే."

"టీచర్ సైలా నీదా? ఆ రెండో పిల్ల నీదా? వాళ్ళ సంతకమేది?" కాగితాలు మడిచి నా చేతిలో పెట్టింది. "నీ ఒక్కదాని తప్పే అనను. నీ గొంతుతో నీ పిల్ల పేరు చెప్పించి, ఆ భయాన్ని నీతో ఇంటికి పంపించింది నేను. ఆ ఆట ఇక ఏ క్లాసులోనూ ఆడను. ఫైలుకి వేరే పని చెయ్యి."

ఆ మధ్యాహ్నమే, శనివారం టీచర్ సైలా బడి సర్దుకునే వేళకి, మేమ్ యూలా నాతోపాటు వచ్చింది. గొడుగు మూసి, టీచర్ సైలా ముందు చిన్న కుర్చీలో కూచుని, మా వల్ల పొరపాటైంది, ఏం చేస్తే మీకు బాగుంటుందో మీరే చెప్పండి అని అడిగింది. కెమెరా గురించి గానీ, ఫోన్లో పెట్టుకునే కొత్త యాప్ గురించి గానీ చెబుతుందేమో అనుకున్నాను, అదేదీ ఎత్తలేదు. టీచర్ సైలా బల్ల మీది పుస్తకం దగ్గరికి లాక్కుంది.

"ఎవరొస్తారో ముందే నా పుస్తకంలో రాయండి. మారితే పొద్దున పిల్లను దింపేటప్పుడు నా ముఖం చూసి చెప్పండి. ఫోన్లో చెప్పింది నేను వినను. ఎవరు చెప్పినా వినను."

తల్లులు సణిగారు. మానంగ్ బెబింగ్ మనవడు కూడా అక్కడే చదువుతాడు. "నీ మూలాన మా అందరికీ రాతకోతలు" అంది. నేను పుస్తకంలో రెండే పేర్లు రాశాను, నాదీ జున్రేదీ. అత్తగారి పేరు రాయలేదని ఆవిడ నాతో వారం మాట్లాడలేదు. టీచర్ సైలా కూడా అవసరమైన మాటలే మాట్లాడింది.

మా ఊరిని కాచే పునీతుడి పండగ ముందు వారం, కొట్లో ఊపిరాడని పని. వీధి వీధికీ ఫ్లెక్సీ కావాలి. తారీఖులూ మధ్య పేర్లూ తీసేద్దామా అని వచ్చినవాళ్ళందరినీ అడుగుతున్నాను. పదిమందిలో ఒకరు సరేనంటారు. మిగతావాళ్ళు, మా అమ్మ పేరు ఎందుకు తీస్తావ్ అని కొట్లాటకొస్తారు. ఆ బుధవారం ఫ్లెక్సీలు అచ్చేసే మిషన్ గుడ్డను మధ్యలో నమిలేసింది. పదకొండు అవుతోంది, బయట కుంభవృష్టి. జున్రే సిబులాన్ ఊరి అవతల పనిలో ఉన్నాడు. అత్తగారు బడికి నాలుగిళ్ళ అవతలే ఉంది. పిల్లను తెమ్మని ఆవిడకు చెప్పి, బడికి ఫోన్ చేశాను.

"టీచర్, నేను లిన్‌ని. మిషన్ దగ్గర ఇరుక్కుపోయాను. మా అత్తగారు వస్తుంది, జారియాను ఇవ్వండి."

"పుస్తకంలో ఆమె పేరు లేదు."

"తెలుసు టీచర్. ఈ ఒక్కసారికి. వాన చూడండి."

"నాకూ కనబడుతోంది వాన."

"నేనే టీచర్. నా గొంతు మీకు తెలీదా?"

"తెలుసు. నీకు ఎన్ని గొంతులున్నాయో కూడా తెలుసు" అంది టీచర్ సైలా. "పుస్తకంలో ఉన్నవాళ్ళు వచ్చేదాకా పిల్ల నా దగ్గరుంటుంది. ఉంటా."

పెట్టేసింది.

మానంగ్ బెబింగ్ మిషన్ లోపల చేతులు పెట్టి అరుస్తోంది. "ఎక్కడికే? ఈ చివర ఎవరు పట్టుకుంటారు? కెప్టెన్ ముఖం సగమే వచ్చింది."

గుడ్డ వదిలేసి వానలో పడ్డాను. గొడుగు మరిచాను. చెప్పు ఒకటి కాలవలో కొట్టుకుపోయింది, ఆగలేదు. బడి గేటుకు లోపలివైపు గొళ్ళెం, దానికి తాళం. చూరు కింద అత్తగారు తడిసి ముద్దయి నిలబడి, "ఇవ్వదట. నేను నాయనమ్మనని చెప్పినా ఇవ్వదట" అని నన్నే చూస్తోంది. కటకటాల అవతల జారియా సంచీ తగిలించుకుని నన్ను చూసి ఏడుపు మొదలుపెట్టింది. టీచర్ సైలా తాళంచెవి చేతిలో పట్టుకుని నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చింది. గేటు దగ్గర ఆగి, నా తడి ముఖాన్ని పైనుంచి కిందకు చూసింది. పుస్తకం తెరిచి, నా పేరు మీద వేలు పెట్టి, సంతకం చెయ్యమంది.